గొట్టానికి నచ్చే గుండు: తిరుపతిలో పోటీ ఎయిర్ రైఫిలు కొనబోయేవారికి

మా బావమరిది కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు. ఆదివారం ఫోను చేస్తే సగం మాటలు అమ్మ ఆరోగ్యం గురించి, మిగతా సగం తుపాకీ గురించి. అతనిది వేటకు వాడే .300 విన్చెస్టర్ మాగ్నం రైఫిలు. 1963లో పుట్టిన తూటా అది, నాకంటే పెద్దది. దానికి గొట్టం మార్చాలని ఆరు నెలలు తర్జనభర్జన పడ్డాడు. 24 అంగుళాలదా, 26 అంగుళాలదా? గుండును తిప్పే లోపలి గాడి మెలిక పది అంగుళాలకు ఒక చుట్టు చాలా, ఇంకా బిగువుగా ఉండాలా? తూటాలు కూడా కొట్లో కొనడు. ఇత్తడి గూడు, మందును అంటించే ప్రైమరు, మందు, గుండు విడివిడిగా తెచ్చుకుని గ్యారేజీలో కూర్చుని తానే కూర్చుకుంటాడు.

అక్కడ అది చెల్లుతుంది. ఇక్కడ వేటకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడ్డు, లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడానికి ఆయుధాల చట్టం అడ్డు. రెండూ అడ్డుగా ఉండడమే మంచిదని నా అభిప్రాయం. కాని అతని కబుర్లు వినగా వినగా ఒక సంగతి పట్టుబడింది. గొట్టం మార్చినా, మందు మార్చినా అతను వెతుకుతున్నది ఒకటే: ఈ గొట్టానికి ఏ గుండు నచ్చుతుంది? తిరుపతిలో పది మీటర్ల ఎయిర్ రైఫిలు పట్టిన పదమూడేళ్ల అమ్మాయికీ అదే ప్రశ్న. తేడా ఏమిటంటే ఆ అమ్మాయి తండ్రి ఆ ప్రశ్న అడగడు. "ఏ కంపెనీది కొనమంటారు?" అని అడుగుతాడు.

2024లో పారిస్‌లో మను భాకర్ రెండు కాంస్యాలు తెచ్చినప్పటి నుంచి ఇలా అడిగేవారు ఎక్కువయ్యారు. అందరికీ విడివిడిగా చెప్పేకన్నా ఒకచోట రాయడం సులువు. పిస్టల్ సంగతి వేరు, దాని జోలికి పోను. ఇది రైఫిలు గురించి మాత్రమే.

ఇంకో రెండు రకాల వారికి ఇది పనికిరాదు. పలమనేరు వైపు నుంచి చేలో పందులు పడుతున్నాయని ఫోను చేసేవారు ఒక రకం. కొండ కింద కాలనీల్లో మిద్దె మీదికి కోతులు వస్తున్నాయని అడిగేవారు రెండో రకం. పంట పోయిన రైతు కడుపుమంట నాకు తెలుసు. అయినా 4.5 మి.మీ. సీసపు పెల్లెట్టు, అంటే ఎయిర్ రైఫిలు గుండు, పందిని ఆపదు, గాయపరిచి వదిలేస్తుంది. కోతి విషయంలోనూ అంతే, పైగా జంతు హింస కేసు. అటవీ శాఖకు చెప్పుకోవడం తప్ప నా దగ్గర వేరే సలహా లేదు.

స్ప్రింగా, గాలి సిలిండరా?

మొదటి ఎంపిక ఇక్కడే. స్ప్రింగు రైఫిలులో గొట్టాన్నో, పక్కన ఉన్న మీటనో లాగితే లోపలి స్ప్రింగు ముడుచుకుంటుంది. ట్రిగ్గరు నొక్కగానే ఆ స్ప్రింగు పిస్టన్‌ను ముందుకు తోసి, ఆ గాలితో పెల్లెట్టును పంపుతుంది. చిక్కు ఎక్కడంటే, పెల్లెట్టు ఇంకా గొట్టంలో ఉండగానే ఆ బరువైన పిస్టన్ కదిలి, ఆగి, రైఫిలును ముందుకూ వెనక్కూ కుదుపుతుంది. చేతిలో పట్టు ఈ రోజు ఒకలా, రేపు ఒకలా ఉంటే గురి కూడా అలాగే మారుతుంది. సిలిండరు రైఫిలులో ముందే నింపిన గాలి వాల్వు తెరుచుకుని వెళుతుంది. కుదుపు దాదాపు ఉండదు. ఈ రోజు పెద్ద పోటీలన్నింట్లో కనిపించేవి ఇవే. ఫైన్‌వెర్క్‌బావ్, వాల్తర్, అన్‌షూట్స్, స్టైర్, కంపెనీ ఏదైనా సరే.

"స్ప్రింగుతో నేర్చుకుంటే చెయ్యి గట్టిపడుతుంది" అని పాతవారు అంటారు. నేనూ అలాగే నేర్చుకున్నాను. ఇప్పుడు వెనక్కి చూస్తే, రెండేళ్లు నా తప్పేదో, రైఫిలు తప్పేదో తెలియకుండానే గడిచిపోయాయి. పోటీకి వెళ్లాలనుకునే పిల్లలకు స్ప్రింగు కొనవద్దని గట్టిగా చెబుతాను. ఒక మినహాయింపు ఉంది. పాఠశాల పోటీల్లో గురి చూసే సైటును బట్టి ఓపెన్ సైటు (తెరిచిన గాడిలోంచి చూసేది), పీప్ సైటు (చిన్న రంధ్రంలోంచి చూసేది) అని రెండు విభాగాలుంటాయి. మొదటిదాని వరకే ఆడించాలనుకుంటే ఒక మాదిరి స్ప్రింగు రైఫిలుతో నెట్టుకురావచ్చు.

సిలిండరుకు మన ఊళ్లో ఉన్న కష్టం గాలి. పోటీ రైఫిలు సిలిండరు 200 బార్ల (బారు అంటే గాలి పీడనం కొలత) దాకా నిండాలి. టైర్ల దుకాణంలోని కంప్రెసరు పది బార్ల దగ్గరే చేతులెత్తేస్తుంది. నవ్వకండి, సిలిండరు పట్టుకుని రేణిగుంట రోడ్డులో పంక్చర్ల కొట్టుకు వెళ్లిన పెద్దమనిషి నాకు తెలుసు. సముద్రం అడుగుకు దిగే డైవర్లు వాడే పెద్ద 300 బార్ల సిలిండరు తెచ్చుకుంటే దాన్నుంచి చాలాసార్లు నింపుకోవచ్చు. కాని ఆ పెద్దదాన్ని నింపించుకోవడానికి మళ్లీ చెన్నై దాకా 140 కిలోమీటర్లు వెళ్లాల్సి రావచ్చు. ఇంట్లో ఒక్కరే ఆడేవారైతే మూడు దశల చేతి పంపు చాలు. చెమట పడుతుంది, కాని ఒకసారి నింపితే కొన్ని వందల గుండ్లు వస్తాయి. పంపుకు తేమ పట్టే ఫిల్టరు ఉండాలి, లేకపోతే లోపలి సీళ్లు పాడవుతాయి. ఆసుపత్రి ఆక్సిజన్ మాత్రం ఎవరు ఎంత చెప్పినా నింపకండి. నూనె తగిలిన చోట అధిక పీడనంలో ఆక్సిజన్ పేలుతుంది. నింపిన సిలిండరును మే నెలలో మూసిన కారులో వదిలి గంగమ్మ జాతర చూడ్డానికి వెళ్లడమూ అంతే తెలివితక్కువ పని.

సిలిండరు వద్దు, స్ప్రింగు కుదుపూ వద్దు అనుకునే పెద్దవారికి మూడో దారి ఒకటుంది. పాత కాలపు ఫైన్‌వెర్క్‌బావ్ 300ఎస్ లాంటిది సెకండ్ హ్యాండులో దొరికితే వదలకండి. అది స్ప్రింగుదే, కాని పేలినప్పుడు యంత్ర భాగం మొత్తం పట్టాల మీద వెనక్కి జారి కుదుపును తనలోనే మింగేస్తుంది. ఒక్క మీట లాగుతో గాలి పట్టే 600 వరుస రైఫిళ్లు ఇంకా హాయి. నలభై ఏళ్ల నాటివి కూడా ఇప్పటి పిల్లల చేతిలో పదులు కొడుతున్నాయి.

గొట్టం మీద ఎంత బెంగ అవసరం?

టెక్సాస్‌లోని మావాడికి పొడవాటి గొట్టం కావాలంటే కారణం ఉంది. మాగ్నం తూటాలో మందు ఎక్కువ, అది మండడానికి చోటు కావాలి, పొడవు పెరిగితే వేగం పెరుగుతుంది. అతని గుండు సెకనుకు 900 మీటర్ల చొప్పున దూసుకుపోతుంది. మన పెల్లెట్టు 170 మీటర్లు. ఎదురుగా పది మీటర్ల దూరంలో కాగితం ఉంది, దానికి ఇంకా వేగం దేనికి? పైగా మెల్లగా పోయే గుండు గొట్టంలో ఎక్కువసేపు ఉంటుంది, ఆ కొన్ని మిల్లీసెకన్లలో భుజం సడలితే గురి పోతుంది. అందుకే పోటీ రైఫిళ్లలో మెలికలున్న అసలు గొట్టం 42 సెంటీమీటర్ల చుట్టుపక్కలే ఉంటుంది. చూడ్డానికి పొడవుగా కనిపించేది ముందు తగిలించిన ఖాళీ గొట్టం. అది ముందు సైటును దూరంగా పెట్టడానికి మాత్రమే. "ఇది పొడుగుంది సార్, బాగా కొడుతుంది" అని అమ్మేవాడు చెబితే, మీరు తలూపి పక్క రైఫిలు చూడండి.

రెండో తేడా ఇంకా ముఖ్యం, పాతది కొనాలా వద్దా అనేది దీని మీదే ఆధారపడుతుంది. మాగ్నం గొట్టం ఆ వేడికి, ఆ పీడనానికి గుండు బయల్దేరే చోట కాలి అరిగిపోతుంది. రెండు వేల తూటాల చుట్టుపక్కల మావాడికి మళ్లీ గొట్టం మార్చే ఆలోచన వస్తుంది. ఎయిర్ రైఫిలులో మంట లేదు, గుండు మెత్తటి సీసం. లక్ష పెల్లెట్లు పోయినా గొట్టం అరిగిపోయిందని నేను వినలేదు. కాబట్టి పదేళ్ల పాత రైఫిలు గొట్టం గురించి భయపడవలసిన పని లేదు. గొట్టం మూతిని మాత్రం చూడండి. చెవులు శుభ్రం చేసుకునే దూది పుల్లను మూతి అంచున లోపలి నుంచి బయటికి నెమ్మదిగా తిప్పండి. ఎక్కడైనా దూది పోగు చిక్కుకుంటే అక్కడ నొక్కు ఉన్నట్టే. గుండు గొట్టాన్ని వదిలే చివరి క్షణంలో ఆ నొక్కు దాన్ని ఒక పక్కకు తోస్తుంది. చౌక రైఫిళ్లలో ఈ లోపం తరచుగా కనిపిస్తుంది. ఇది చూడటానికి అమ్మేవారు ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి.

పాతదాంట్లో అసలు చూడవలసింది సిలిండరు తేదీ. తయారైన నెల, సంవత్సరం దాని మీదే చెక్కి ఉంటాయి, సాధారణంగా పదేళ్లు దాటితే వాడకూడదు. నేను ఒకసారి తళతళలాడే పాత రైఫిలు చూసి మురిసిపోయి కొన్నాను. అమ్మినవారు సిలిండరు మాట ఎత్తలేదు, నేను అడగలేదు. పోటీ రోజు పరికరాల తనిఖీ బల్ల దగ్గర ఒక కుర్రవాడు టార్చి వేసి తేదీ చదివి, నా ముఖం చూసి, రైఫిలును మెల్లగా నా వైపు జరిపాడు. రాత్రంతా రైలులో కూర్చుని వెళ్లింది ఆ బల్ల దాకానే. కొత్త సిలిండరు ఖరీదు చూశాక పాతది చవకన్న మురిపెం కూడా తీరింది.

దేశీయ తయారీలో ప్రెసిహోల్ లాంటివారి రైఫిళ్లు ఇప్పుడు క్లబ్బుల్లో కనిపిస్తున్నాయి. జర్మన్ రైఫిలు ట్రిగ్గరులో ఉండే నునుపు వీటిలో లేదు, ఆ మాట దాచను. అయితే జిల్లా స్థాయిలో 600 దాటని చేతికి గొట్టాల మధ్య తేడా తెలియదు. అరవై గుండ్లకు, ఒక్కోదానికి 10.9 చొప్పున, పూర్తి మార్కులు 654. ప్రపంచ స్థాయిలో 630 పైన కొడతారు. మీ పిల్ల 580 దగ్గర ఉంటే, పోయిన మార్కులు గొట్టంలో లేవు.

అసలు తిరకాసు పెల్లెట్టులో ఉంది

రెండేళ్ల క్రితం ఆగస్టులో దామలచెరువులో ఒక మామిడి మండీ షెడ్డు రెండు రోజులకు అడిగి తీసుకున్నాం. తోతాపురి సీజను అయిపోయింది, షెడ్డు ఖాళీ. నేలంతా ఇంకా పులిసిన మామిడి వాసన. గాలి రాకుండా ఒక పక్క టార్పాలిన్ కట్టి, బరువైన తూకం బల్లకు వైసు బిగించి, సైకిలు ట్యూబు ముక్కలు చుట్టి రైఫిలును అందులో కూర్చోబెట్టాం. పది మీటర్ల దూరంలో ఇనుప పెట్టె, దాని ముందు కార్డు. మనిషి చెయ్యి లేకుండా గొట్టం, గుండు మాత్రమే మాట్లాడుకోవాలి.

మొదట క్లబ్బులో అందరూ వాడే చౌక పెల్లెట్లు. పది గుండ్లు వేసి కార్డు తెచ్చి వెర్నియర్‌తో కొలిస్తే చిరుగు ఈ అంచు నుంచి ఆ అంచుకు 9.5 మి.మీ. ఉంది. తర్వాత పోటీ పెల్లెట్లు, తల (ముందు భాగం) కొలత 4.49 మి.మీ. ఉన్నవి: 6.8. అదే కంపెనీ, అదే రకం, తల 4.50: 6.1. నాకు చాలా సంతోషం కలిగింది. అంతలో మిత్రుడు తన సంచీలోంచి ఇంకో డబ్బా తీశాడు. అదే కంపెనీ, అదే 4.50, డబ్బా రంగు కూడా అదే, వెనక అచ్చేసిన బ్యాచి సంఖ్య మాత్రం వేరు. 7.5.

ఈ అంకెల అర్థం ఇది. కార్డులో పది చుక్క వెడల్పు అర మిల్లీమీటరే. గుండు అంచు దాన్ని తాకితే పది, అంటే గుండు నడిబొడ్డు చుక్క మధ్య నుంచి 2.5 మి.మీ. లోపల పడితే చాలు. 9.5 మి.మీ. చిరుగులోంచి పెల్లెట్టు వెడల్పు 4.5 తీసేస్తే 5 మిగులుతుంది, సగం 2.5. చౌక పెల్లెట్టుతో రైఫిలును ఇనుప వైసులో బిగించినా పది అంచు దాకా వెళ్లిపోతోంది. ఇక చేతి వణుకుకు చోటెక్కడుంది? 6.1 వచ్చిన డబ్బాతో ఆ సగం 0.8. మిగిలిన 1.7 మి.మీ. పిల్ల చేతికి వదిలినట్టు. ఒక డబ్బా మార్చడంతో దొరికిన చోటు ఇది. మూడు లక్షల రైఫిలు కొన్నా ఇంత చోటు దొరకదు.

అంతమాత్రాన 4.50 అందరికీ మంచిదని రాసుకోకండి. మర్నాడు ఇంకో రైఫిలు బిగిస్తే దానికి 4.49 నచ్చింది. రెండూ ఒకే కంపెనీ, ఒకే మోడలు. తలలు 4.48 నుంచి 4.51 దాకా దొరుకుతాయి, ఏ గొట్టానికి ఏది అనేది కాల్చి చూస్తేనే తెలుస్తుంది. ఐదు గుండ్లతో తేల్చేయకండి, ఐదుకు అదృష్టం తోడవుతుంది. కనీసం పది, కుదిరితే రెండు పదులు.

కంపెనీల మధ్య నా పక్షపాతం చెప్పేస్తాను. ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్‌10, హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్, జేఎస్‌బీ పోటీ పెల్లెట్లు, ఈ మూడూ నమ్మదగినవే. ఏది దొరికితే దాంట్లో రెండు తల కొలతలు తీసుకుని పోల్చండి. బరువులో రెండు రకాలుంటాయి: 0.53 గ్రాములది రైఫిలుకు, 0.45 గ్రాములది పిస్టలుకు అనేది వాడుక. అది నియమం కాదు, తేలిక రకం నచ్చే రైఫిళ్లూ ఉన్నాయి. తల మాత్రం చదునుగా ఉండేదే కావాలి, అది కాగితాన్ని పంచింగు మిషనులా గుండ్రంగా కత్తిరిస్తుంది. మొన తేలినవి కాగితాన్ని చింపుతాయి, మార్కు లెక్కలో గొడవ.

మావాడు మందును మిల్లీగ్రాముల్లో తూస్తాడు కదా అని, నేనూ ఒక నగల దుకాణం మిత్రుడి తక్కెడ మీద పెల్లెట్లు తూచాను. బంగారం తూచే తక్కెడ మీద సీసం పెట్టినందుకు వాళ్ల నాన్నగారు చూసిన చూపు మరిచిపోలేను. చౌకవాటిలో బరువు బాగా ఎక్కువ తక్కువలుంది. పోటీవాటిలో తేడా ఎంత చిన్నదంటే, సాయంత్రమంతా తూచి వేరుచేసి కాల్చినా కార్డు మీద ఏమీ మారలేదు. తూచే సమయంలో ఆడుకోండి. పాదం (వెనక అంచు) వంగినవాటిని మాత్రం వెలుతురులో చూసి ఏరేయండి, కొరియరులో డబ్బా కింద పడితే వంగుతాయి. పెల్లెట్లు పట్టుకున్న చేత్తో ఇడ్లీ తినకండి. సీసం అది, సబ్బుతో కడుక్కోవాలి. పిల్లలకు ఇది రోజూ చెప్పాలి.

ఖర్చు లెక్క కూడా ఇక్కడే. గురి చూసుకునేవాటితో కలిపి ఒక సాధనకు ఎనభై, వంద గుండ్లు పోతాయి. వారానికి నాలుగు రోజులైతే 500ల డబ్బా పది రోజుల్లో ఖాళీ. ఏడాదికి నలభై డబ్బాల దాకా అవుతుంది. అందరూ రైఫిలు ధర అడుగుతారు, ఈ నలభై డబ్బాల ధర ఎవరూ అడగరు. నా పద్ధతి: సాధనలో సగానికి చౌక రకం, పోటీకి నెల ముందు నుంచి నచ్చిన బ్యాచి మాత్రమే. నచ్చిన బ్యాచి దొరికితే అప్పు చేసైనా పది డబ్బాలు కొని పెట్టుకుంటాను.

మిగిలినవి

భుజానికి ఆనే బట్టు, చెంప ఆనే చెక్క ముందుకూ వెనక్కూ, పైకీ కిందికీ జరగాలి. పదమూడేళ్ల పిల్ల రెండేళ్లలో జానెడు పెరుగుతుంది, రైఫిలు పెరగదు. నియమం ప్రకారం రైఫిలు బరువు 5.5 కిలోల దాకా ఉండవచ్చు, కాని అంత బరువు పిల్ల నడుము మోయకూడదు. జర్మన్ కంపెనీలు పిల్లల కోసం వేరే చిన్న మోడళ్లు చేస్తాయి, అవి చూడండి.

చట్టం సంగతి. 4.5 మి.మీ. గొట్టం, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిలుకు లైసెన్సు అక్కర్లేదు. పోటీ రైఫిలు శక్తి ఏడున్నర జౌళ్లు. లైసెన్సు లేదు కదా అని బొమ్మ అనుకోకండి, ఆ శక్తి కన్ను పోగొట్టడానికి చాలు. బిల్లు, గుర్తింపు కార్డు నకలు రైఫిలు పెట్టెలోనే ఉంచండి. పోటీ నుంచి వస్తూ అలాగే కొండకు వెళదామని మాత్రం అనుకోవద్దు. తిరుమలకు ఆయుధాలు నిషిద్ధం, అలిపిరి తనిఖీలో ఎయిర్ రైఫిలు, అసలు రైఫిలు అనే విచక్షణ ఉండదు. ముందు ఇంట్లో దింపి వెళ్లండి.

గత నెల పుత్తూరు నుంచి ఒక తండ్రి వచ్చారు. పుత్తూరు అనగానే నాకు ఎముకల కట్టు గుర్తొచ్చి, ఆయన చేతికి కట్టు ఉందేమోనని చూశాను. లేదు, చేతిలో బ్యాంకు సంచీ ఉంది. కూతురు ఎనిమిదో తరగతి, ఆరు నెలలుగా క్లబ్బు రైఫిలుతో ఆడుతోంది, స్కోరు 570ల్లో ఉంది. దిగుమతి రైఫిలుకు మూడు లక్షలు సిద్ధం చేసుకున్నారు. ఆ అమ్మాయి ఏ పెల్లెట్లు వాడుతోందని అడిగాను. క్లబ్బువాళ్లు గిన్నెలో పోసినవి అన్నారు. షూటింగు జాకెట్టు (ఒంటిని కదలకుండా పట్టే గట్టి కోటు) ఎవరిదని అడిగాను. సీనియరు అబ్బాయిదట, భుజాల దగ్గర రెండు వేళ్లు దూరుతున్నాయట.

కొలతలకు సరిపోయే జాకెట్టు, ప్యాంటు, రెండు తల కొలతల్లో పోటీ పెల్లెట్లు నాలుగు డబ్బాలు, ఒక చేతి పంపు. ఆ మూడు లక్షల్లో వీటికి పోయింది కొంతే. ఆ వారమే క్లబ్బు రైఫిలును వైసులో బిగించి డబ్బాలన్నీ కాల్చి చూశాం, 4.49లో ఒక బ్యాచి కుదిరింది. ఆ అమ్మాయి దాని సంఖ్యను రైఫిలు బట్టు లోపలి వైపు పెన్సిలుతో రాసుకుంది. క్లబ్బు రైఫిలు మీద రాయకూడదని తండ్రి కసిరారు. ఉండనివ్వమన్నాను.